ఇనుము పుట్టాలంటే బొగ్గు కాలాల్సిందేనా? కోనసముద్రం నుంచి విశాఖ దాకా

ఇవాళ్టి ఎపిసోడ్ ప్రొద్దుటూరు నుంచి. కడప జిల్లా ప్రొద్దుటూరు కాదండోయ్, మన చేవెళ్ల, మొయినాబాద్ పక్కనున్న ప్రొద్దుటూరు. ఆ కడప ప్రొద్దుటూరోళ్లకు మనకంటే పెద్ద ఉక్కు కథ ఉంది. పక్కనే జమ్మలమడుగు దగ్గర స్టీల్ ప్లాంట్ కోసం 2007 నుంచి శంకుస్థాపన మీద శంకుస్థాపన చూస్తూనే ఉన్నారు పాపం. అది ఇంకోసారి చెప్పుకుందాం.

ఇక్కడ మన దిక్కు చూడండి. ఈ రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే చాలు, ఇనుప కడ్డీలు వేసుకున్న లారీ ఒకటైనా పోతుంది. ఫాంహౌస్‌లు, విల్లాలు, కాంపౌండ్ గోడలు, అన్నీ లేస్తున్నాయి. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ ఇల్లు కట్టాలంటే మేస్త్రీ లెక్క ప్రకారం దగ్గర దగ్గర నాలుగు టన్నుల స్టీల్ పడుతుంది. ఆ స్టీల్ ఖనిజం నుంచి, బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో వచ్చిందనుకోండి. ఒక్కో టన్నుకు రెండు టన్నులకు పైనే కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసి ఉంటుంది. అంటే ఇంకా గృహప్రవేశం కాకముందే, ఒక్క కడ్డీల లెక్కలోనే ఎనిమిది టన్నులు దాటిపోయింది.

"మరి తగ్గించొచ్చు కదా?" అంటారు. తగ్గించారు. మూడు వందల ఏళ్లుగా తగ్గిస్తూనే ఉన్నారు. వాతావరణం మీద ప్రేమతో కాదులెండి, బొగ్గు ఖర్చు మిగిలించుకోవడానికి. ఆ తగ్గింపు ఎంత దూరం వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఇందులో మన తెలుగోళ్ల పాత్ర ఏంటి, ఇదీ ఇవాళ్టి కథ.

ముందు ఒక చిన్న కెమిస్ట్రీ ముక్క. భయపడకండి, ఒక్క నిమిషమే. ఇనుప ఖనిజం అంటే తుప్పే అనుకోండి. ఇనుము, ఆక్సిజన్ గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ ఆక్సిజన్‌ని లాగేస్తేనే ఇనుము బయటికొస్తుంది. ఎవరు లాగాలి? ఇనుము కంటే ఆక్సిజన్ మీద ఎక్కువ ఆశ ఉన్నవాడు లాగాలి. వాడే కార్బన్. బొగ్గు కాలి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, అది ఖనిజంలోని ఆక్సిజన్‌ని ఊడబెరికి కార్బన్ డయాక్సైడ్ అయి పైకి పోతుంది. కింద ఇనుము మిగులుతుంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. బొగ్గు అంటే మంట కోసమే అనుకుంటారు. వంటకు గ్యాస్ బదులు ఇండక్షన్ స్టవ్ పెట్టినట్టు, ఫర్నేస్‌కు కూడా కరెంటు పెడితే పోలా అంటారు. పోదు. ఇక్కడ బొగ్గు పొయ్యిలో కట్టె ఒక్కటే కాదు, గిన్నెలో పప్పు కూడా అదే. ఆ సమీకరణం వేసి చూస్తే, వేడి సంగతి పక్కన పెట్టినా, కార్బన్ మోనాక్సైడ్‌తో టన్ను ఇనుము తీస్తే దాదాపు 1.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పుట్టి తీరుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

సరే, ఇక చరిత్రలోకి పోదాం. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఊళ్లోవాళ్లు కోనసముందర్ అంటారు. మండలం పేరు కమ్మర్‌పల్లి. పేరు వింటేనే అర్థమవుతోంది కదా! ఒకప్పుడు ఇక్కడ తయారైన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. డమాస్కస్ కత్తులని లోకమంతా చెప్పుకుందే, వాటికి కావాల్సిన ముడి ఉక్కు దక్కన్ నుంచి, దక్షిణాది నుంచి పోయేది. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'వూట్జ్' అన్నారు. తెలుగులో, కన్నడంలో ఉన్న 'ఉక్కు' అనే మాటే వాళ్ల నోట్లో పడి అలా అయిందని ఎక్కువమంది పండితుల మాట.

హెన్రీ వోయిసీ అని ఒక డాక్టరు, భూగర్భ శాస్త్రం తెలిసినవాడు, కోనసముద్రం వచ్చి ఆ పని కళ్లారా చూసి రాసుకున్నాడు. ఆయన 1824లోనే చనిపోయాడు, రాసింది మాత్రం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మట్టి మూసల్లో ఇనుము ముక్కలు పెట్టి, మూసలన్నీ కొలిమిలో పేర్చి, తోలు తిత్తులతో గంటల తరబడి గాలి ఊదడం. 2010లో బెంగళూరుకు చెందిన నియాస్ సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లన్నీ తిరిగి సర్వే చేశాయి. పాత కొలిముల చిట్టెం గుట్టలు ఊరూరా బయటపడ్డాయి. ఖనిజం నుంచి ఇనుము ముద్ద తీసేవాళ్లను మన దగ్గర ముద్దకమ్మరులు అనేవాళ్లు. నాగళ్లు, కర్రులు చేసే కమ్మరి వేరు, ఈ ముద్దకమ్మరి వేరు.

ఈ కొలిముల్లో కాలింది కట్టెబొగ్గు. చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బన్ మళ్లీ గాలిలోకే పోతుంది, కొత్త చెట్టు పెరిగితే మళ్లీ చెట్టులోకి వస్తుంది. కాగితం మీద లెక్క సున్నా. ఇది విని "ఆహా, మన పూర్వీకులు గ్రీన్ స్టీల్ చేశారు" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ కొట్టకండి ప్లీజ్. ఆ లెక్క కుదరాలంటే నరికినన్ని చెట్లూ మళ్లీ పెరగాలి. కొలిములు తక్కువ, అడవి ఎక్కువ ఉన్నంతకాలం నడిచింది. ఇవాళ ఒక్క విశాఖ ప్లాంట్ సామర్థ్యమే ఏడాదికి 73 లక్షల టన్నులు. దాన్ని కట్టెబొగ్గుతో నడపాలంటే అడవులు ఎక్కడి నుంచి తెస్తాం? ఇవాళ కూడా కట్టెబొగ్గుతో బ్లాస్ట్ ఫర్నేస్‌లు నడిపే దేశం బ్రెజిల్. అక్కడ యూకలిప్టస్ తోటలు దీనికోసమే పెంచుతారు. అంత నేల వాళ్లకుంది.

ఇంగ్లండ్‌కు ఈ చిక్కు ముందే వచ్చింది. కట్టెబొగ్గు ఖరీదైపోయింది. 1709లో కోల్‌బ్రూక్‌డేల్ అనే చోట అబ్రహాం డార్బీ కోక్ వేసి ఫర్నేస్ నడిపాడు. కోక్ అంటే రాక్షసిబొగ్గుని గాలి తగలకుండా కాల్చి, అందులోని తారు, గ్యాసు అన్నీ పోగొట్టగా మిగిలే గట్టి బొగ్గు. భూమిలో కోట్ల ఏళ్లు పడుకున్న కార్బన్‌ని తవ్వి ఇనుము కోసం గాలిలోకి వదలడం పెద్ద ఎత్తున మొదలైంది ఈ దారిలోనే.

నాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన మనిషి జేమ్స్ నీల్సన్. గ్లాస్గోలో గ్యాస్ కంపెనీ మేనేజరు. అప్పట్లో ఫర్నేస్ యజమానులందరిదీ ఒకటే నమ్మకం, లోపలికి ఊదే గాలి ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని. ఎందుకంటే చలికాలంలో ఫర్నేస్ బాగా నడిచేది. అసలు కారణం చలి కాదు, చలికాలపు గాలిలో తేమ తక్కువ ఉండటం. కొందరైతే గాలిని చల్లబరచడానికి నానా తంటాలూ పడేవాళ్లు. నీల్సన్ పూర్తిగా ఉల్టా చేశాడు. గాలిని ముందే వేడి చేసి లోపలికి పంపాడు. 1828లో పేటెంట్. క్లైడ్ ఐరన్ వర్క్స్‌లో అంతకుముందు టన్ను ఇనుముకు ఎనిమిది టన్నుల బొగ్గు పట్టేది. నాలుగైదేళ్లలో అది మూడు టన్నుల లోపుకు వచ్చింది! ఒక్క ఆలోచనతో సగానికి సగం కంటే తక్కువ. ఆయన మీద యజమానులు నవ్వారు, తర్వాత పేటెంట్ డబ్బులు ఎగ్గొట్టడానికి కోర్టుల చుట్టూ తిప్పారు. నీల్సన్ గెలిచాడనుకోండి.

ఇవాళ మంచి ఫర్నేస్‌లో టన్ను ఇనుముకు కోక్, పొడిబొగ్గు రెండూ కలిపి 500 కిలోల అటూ ఇటూ సరిపోతుంది. ఎనిమిది టన్నులెక్కడ, అర టన్ను ఎక్కడ! బొగ్గుకి, కోక్‌కి తేడా ఉంది కాబట్టి సరిగ్గా పోల్చలేం, కానీ పద్ధతి ఎంత మారిందో అర్థమవుతోంది కదా.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనకు బొగ్గు లేదా? ఉంది. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు, సింగరేణి కథ అక్కడ మొదలైంది. మరి ఖనిజం? బయ్యారంలో ఉంది, అనంతపురం పక్కన ఓబుళాపురంలో ఉంది, గోదావరి దాటి పైకి పోతే బైలదిల్లాలో దండిగా ఉంది. అన్నీ ఉన్నాయి, ఐదోతనం లేదన్నట్టు, ఒక్కటి లేదు. సింగరేణి బొగ్గు కోక్ కాదు. కోక్ అయ్యే బొగ్గు వేడికి మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుని, గట్టి గడ్డ అవ్వాలి. సింగరేణి బొగ్గు అలా అతుక్కోదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ పని వేడి ఇవ్వడం, ఆక్సిజన్ లాగడం మాత్రమే కాదు. పైన వేల టన్నుల ఖనిజం బరువు పడుతుంటే నలగకుండా నిలబడాలి, మధ్యలో సందులు ఉంచాలి, ఆ సందుల్లోంచి గాలి పైకి, కరిగిన ఇనుము కిందికి పోవాలి. నలిగిపోయే బొగ్గు వేస్తే ఫర్నేస్‌కు ఊపిరాడదు.

అందుకే పాల్వంచలో ఒక వేరే ప్రయత్నం జరిగింది. దీని గురించి మన పిల్లలకి ఎవరూ చెప్పరు, నాకు అదే బాధ. 1975లో కేంద్రం, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి, ఐక్యరాజ్యసమితి సాయంతో, స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ అనే కంపెనీ పెట్టాయి. 1980లో ప్లాంట్ మొదలైంది, ఏడాదికి 30,000 టన్నులు. బొగ్గుతో స్పాంజ్ ఐరన్ చేసిన దేశంలోనే మొదటి ప్లాంట్ ఇది. పద్ధతి ఏంటంటే, ఒక పొడుగాటి ఇనుప గొట్టం, కొంచెం వాలుగా పెట్టి, నెమ్మదిగా తిప్పుతారు. అందులో ఖనిజం, మామూలు బొగ్గు కలిపి వేస్తారు. వెయ్యి డిగ్రీల దగ్గర వేడి. ఇనుము కరగదు, గడ్డ గడ్డగానే ఉండి ఆక్సిజన్ మాత్రం పోతుంది. ఆక్సిజన్ పోయిన చోటల్లా చిల్లులు. స్పాంజ్‌లా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. కోక్ అక్కర్లేదు, బ్లాస్ట్ ఫర్నేస్ అక్కర్లేదు!

పాల్వంచ చూపించిన దారిలో దేశమంతా వందల చిన్న చిన్న ప్లాంట్లు వచ్చాయి. ఇవాళ స్పాంజ్ ఐరన్‌లో ప్రపంచంలోనే నంబర్ వన్ మనమే, ఏడాదికి ఐదు కోట్ల టన్నుల పైనే. హైదరాబాద్ చుట్టుపక్కల ఇండక్షన్ ఫర్నేస్‌లలో తయారయ్యే కడ్డీల్లో కూడా పాత ఇనుముతో పాటు ఈ స్పాంజ్ ఐరన్ పడుతుంది. పాల్వంచ కంపెనీ మాత్రం 2010లో ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది.

కోక్ పోయింది కదా, మరి కార్బన్ పోయిందా అంటే లేదు. బొగ్గుతో చేసే స్పాంజ్ ఐరన్ నుంచి స్టీల్ చేస్తే, చాలా ప్లాంట్లలో బ్లాస్ట్ ఫర్నేస్ కంటే కార్బన్ ఎక్కువే వస్తుంది. ఆక్సిజన్‌ని లాగేవాడు మారలేదు, వేషం మారింది అంతే. పాల్వంచ వాళ్ల తప్పేం లేదు ఇందులో. వాళ్లు కోక్ కొరత అనే సమస్యకి జవాబు వెతికారు, దొరికింది. కార్బన్ అప్పట్లో ఎవరి సమస్యా కాదు.

ఇక విశాఖ. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ ఊరూ వాడా లేచింది. కాల్పుల్లో 32 మంది చనిపోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది మాత్రం 1990లో. దానికి గోదావరి అని పేరు పెట్టారు. రెండోది కృష్ణ. మూడోది అన్నపూర్ణ, 2012లో వచ్చింది. ఫర్నేస్‌లకు నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకున్నారంటే ఆ ప్లాంట్ మీద జనానికి ఎంత ప్రేమో చూడండి. 1992 ఆగస్టు 1న ప్రధాని పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు.

ఇరవై ఏళ్లు ఆలస్యం కావడం వల్ల ఒక లాభం జరిగింది, ఇది నా అభిప్రాయం. పాత ప్లాంట్లలో లేని టెక్నాలజీ మొదటి రోజు నుంచే ఇక్కడ పెట్టగలిగారు. కోక్ ఓవెన్ నుంచి బయటికొచ్చిన కోక్ వెయ్యి డిగ్రీల వేడితో ఎర్రగా మండుతుంటుంది. మామూలుగా అయితే దానిమీద నీళ్లు కుమ్మరిస్తారు. ఆవిరి అంతా ఆకాశానికి, వేడంతా దండగ. విశాఖలో నీళ్లు పోయరు. మూసిన గదిలో నైట్రోజన్ గాలి తిప్పి చల్లారుస్తారు. ఆ నైట్రోజన్ ఎత్తుకొచ్చిన వేడితో నీటిని ఆవిరి చేసి, ఆవిరితో టర్బైన్ తిప్పి, కరెంటు తీస్తారు. కోక్ మొత్తాన్నీ ఇలా చల్లార్చడం దేశంలో విశాఖతోనే మొదలు.

అంతేనా? బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి గ్యాసు ఒత్తిడితో వస్తుంది. ఆ ఒత్తిడిని ఊరికే వదలకుండా దాంతోనూ టర్బైన్లు తిప్పారు, 12 మెగావాట్లవి రెండు. ఆ గ్యాసులో ఇంకా కాలని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దాన్ని మళ్లీ కాల్చి నీల్సన్ చెప్పినట్టు గాలిని వేడి చేస్తారు. తర్వాతి రోజుల్లో జపాన్ ప్రభుత్వ సంస్థ నెడోతో కలిసి, సింటర్ ప్లాంట్ నుంచి వృథాగా పోయే వేడితో 20.6 మెగావాట్ల కరెంటు తీశారు. ఖర్చయ్యే కోక్‌లో కొంత తగ్గించి, ఫర్నేస్ అడుగున గొట్టాల్లోంచి బొగ్గు పొడి ఊదడం కూడా పెట్టారు. పులుసులో పడ్డ ముక్కని వదలని ఇల్లాలిలా, వేడి చుక్క వదలకుండా పట్టుకున్నారు.

ఇంత చేసినా ఫర్నేస్ ఫర్నేసే. పొదుపుకి ఒక అడుగు ఉంటుంది. ముందు చెప్పిన 1.2 టన్నుల లెక్క గుర్తుందా? ఆ కెమిస్ట్రీ అక్కడ కూర్చుని ఉంది. వేడి ఎంత మిగిల్చినా దాని కిందికి పోనివ్వదు.

అందుకే ప్రపంచం ఇప్పుడు ఆక్సిజన్‌ని లాగేవాణ్ణే మార్చాలని చూస్తోంది. హైడ్రోజన్‌కి కూడా ఆక్సిజన్ అంటే ఇష్టమే. అది లాగితే వచ్చేది కార్బన్ డయాక్సైడ్ కాదు, నీళ్లు. 2019లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో ఒక ఫర్నేస్‌లోకి హైడ్రోజన్ ఊది చూశారు. 2023 ఏప్రిల్‌లో మన జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ పెద్ద ఫర్నేస్‌లోనే ఆ ప్రయోగం చేసింది. గాలి గొట్టాల్లో 40 శాతం వాటి గుండా హైడ్రోజన్ పంపారు. దీనివల్ల కోక్ పది శాతం దాకా తగ్గొచ్చని, కార్బన్ 7 నుంచి 10 శాతం తగ్గొచ్చని వాళ్ల అంచనా. జపాన్‌లో నిప్పన్ స్టీల్ వాళ్లు ఒక బుల్లి ప్రయోగ ఫర్నేస్‌లో, వేడి చేసిన హైడ్రోజన్‌తో, 43 శాతం దాకా తగ్గించి చూపించారు.

మరి నూరు శాతం ఎందుకు కాదు? రెండు అడ్డంకులు. హైడ్రోజన్ ఆక్సిజన్‌ని లాగేటప్పుడు వేడిని మింగేస్తుంది, ఎక్కువ ఊదితే ఫర్నేస్ చల్లబడుతుంది. ఇంకోటి, హైడ్రోజన్ గాలి కదా, ఖనిజం బరువు మోయలేదు. మోసే కోక్ కొంతైనా ఉండాల్సిందే. అంటే బ్లాస్ట్ ఫర్నేస్ అనే నిర్మాణంలోనే కార్బన్ ఒక స్తంభం. పూర్తిగా తీసేయాలంటే ఫర్నేసే మారాలి, హైడ్రోజన్‌తో స్పాంజ్ ఐరన్ చేసి, కరెంటు ఫర్నేస్‌లో కరిగించాలి. స్వీడన్ ఆ దారి పట్టింది. విచిత్రం ఏంటంటే, ఖనిజాన్ని కరగనివ్వకుండా ఆక్సిజన్ లాగేయడం అంటే పాల్వంచ ఆలోచనే, బొగ్గు బదులు హైడ్రోజన్.

కరెంటు లెక్క కూడా చూద్దాం. టన్ను ఇనుముకు కనీసం 54 కిలోల హైడ్రోజన్ కావాలి. కిలో హైడ్రోజన్‌ని నీళ్లలోంచి తీయడానికి 50 యూనిట్ల కరెంటు పైనే. మొత్తం 2,700 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఏడాది దాటి వచ్చే కరెంటు, ఒక్క టన్ను ఇనుముకి! అదీ సోలారో, గాలిమర కరెంటో అయ్యుండాలి. బొగ్గు కరెంటుతో హైడ్రోజన్ తీస్తే తిరిగి తిరిగి మొదటికే వచ్చినట్టు.

ఇప్పుడు అసలు విషయం. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. పైన లెక్క ప్రకారం భాగించి చూడండి. అదంతా ఇనుముకే వాడితే ఏడాదికి దాదాపు కోటి టన్నుల ఇనుము. విశాఖ ప్లాంట్ మొత్తం సామర్థ్యం కంటే ఎక్కువ! అదే సముద్ర తీరం, దగ్గర దగ్గర ఊళ్లు. కానీ ఆ హబ్ ప్రధానంగా చూస్తున్నది ఎగుమతుల వైపు. హైడ్రోజన్ ఓడెక్కి పోతుంటే, ఆస్ట్రేలియా నుంచి కోకింగ్ కోల్ ఓడ దిగుతుంటుందన్నమాట. ఇది నాకు మింగుడు పడటం లేదు.

విశాఖ ప్లాంట్‌కి కొత్త ఫర్నేస్ సంగతి అటుంచి, ఉన్నవి నడపడమే గండంగా మారింది. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సొంత ఇనుప గనులు లేవు, అప్పులు పెరిగాయి. 2024లో బొగ్గు కొరతతో మూడు ఫర్నేస్‌లలో ఒక్కటే నడిచిన రోజులు కూడా ఉన్నాయి. 2025 జనవరి 17న రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఫర్నేస్‌ని ఆపుతూ, సగం గాలితో నడుపుతూ ఉంటే టన్నుకు పట్టే కోక్ పెరుగుతుంది. ఎవరికైనా కారు తెలుసు కదా, ట్రాఫిక్‌లో ఆగుతూ పోతే మైలేజీ పడిపోయినట్టు. అంటే డబ్బుల్లేక కుంటుతున్న ప్లాంట్, మంచిగా నడిచే అదే ప్లాంట్ కంటే టన్నుకి ఎక్కువ కార్బన్ వదులుతుంది. ఉద్యోగాల కోసం గేటు ముందు టెంట్ వేసుకుని కూర్చున్న కార్మికుడు, కార్బన్ తగ్గాలనే మనిషి, ఈ ఒక్క విషయంలో అడిగేది ఒకటే, ఫర్నేస్‌లు ఆగకుండా సరిగ్గా నడవాలని.

టైము కూడా ఎక్కువ లేదు. 2024 డిసెంబర్‌లో మన ఉక్కు శాఖ గ్రీన్ స్టీల్ అంటే ఏంటో నిర్వచనం ఇచ్చింది. టన్నుకు 2.2 టన్నుల లోపు కార్బన్ ఉంటేనే ఆ పేరు, 1.6 లోపు వస్తే ఐదు నక్షత్రాలు. యూరప్ 2026 జనవరి నుంచి బయటి స్టీల్ మీద కార్బన్ లెక్కగట్టే నిబంధన అమల్లోకి తెచ్చింది. వేడి పొదుపుతో 2.2 దగ్గరికి రావొచ్చు. ఐదు నక్షత్రాలు బ్లాస్ట్ ఫర్నేస్‌తో చాలా కష్టం. అందుకే ఇవాళ కొత్తగా బ్లాస్ట్ ఫర్నేస్ కడతామని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే, దీని లోపలి ఇటుక మళ్లీ మార్చేది ఎప్పుడు? ఎందుకంటే ఒకసారి లోపల ఇటుక పేర్చి వెలిగిస్తే పదిహేను, ఇరవై ఏళ్లు ఆర్పరు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణలకు ఆ వంతు మళ్లీ వచ్చినప్పుడు అదే చోట అదే ఫర్నేస్ కడతారా, పక్కన పూడిమడక నుంచి ఒక గొట్టం వేయించుకుంటారా అనేది తేలిపోతుంది.

మీ ఇంట్లో గానీ ఊళ్లో గానీ విశాఖ ప్లాంట్‌లోనో, పాల్వంచ స్పాంజ్ ఐరన్‌లోనో పనిచేసిన పెద్దవాళ్లుంటే, ఆ రోజులు ఎలా ఉండేవో అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్ ముద్దకమ్మరుల మీద. ఉంటాను మరి.